మహిళా స్మారకం – ఏ మహిళలది?

మూడు నెలల కిందట ఒక స్నేహితురాలు నాలుగు కాగితాలు నా చేతిలో పెట్టి, "కాస్త చూసిపెట్టవే, వారంలో ఇచ్చెయ్యాలి" అంది. విద్యార్థుల కోసం తెలుగులో తయారవుతున్న ఒక విజ్ఞాన సర్వస్వంలో చేర్చబోయే వ్యాసం అది. దక్షిణాఫ్రికాలో బ్లూమ్‌ఫాంటెయిన్ అనే నగరంలో ఉన్న జాతీయ మహిళా స్మారక స్తంభం గురించి. యుద్ధాల మీద, యుద్ధ స్మారకాల మీద వ్యాసాలన్నీ మగవాళ్ళే రాశారట, మగవాళ్ళే సరిచూశారట. పేరులో "మహిళా" అని ఉన్నది ఇదొక్కటే కాబట్టి దీన్ని ఒక ఆడమనిషి చూస్తే బాగుంటుందని సంపాదకవర్గం వారికి తోచిందట. పిలిచిన పద్ధతి నాకు నచ్చలేదు గానీ కాగితాలు తీసుకున్నాను.

మొదటిసారి చదివినప్పుడు వ్యాసం నాకు నచ్చిందన్న మాట దాచుకోను. యుద్ధ స్మారకం అనగానే మనకు కళ్ళముందు కనపడేది గుర్రం మీద కూర్చున్న మగవాడు, చేతిలో కత్తి. లేకపోతే తుపాకి దించుకుని తల వంచిన సిపాయి. ఇక్కడేమో సుమారు 35 మీటర్ల ఎత్తు రాతిస్తంభం, దాని మొదట్లో ఇద్దరు స్త్రీల కంచు విగ్రహాలు. ఒకామె కూర్చుని ఉంది, ఒళ్ళో చచ్చిపోతున్న బిడ్డ. ఇంకొకామె నిలబడి ఎటో దూరంగా చూస్తోంది. యుద్ధంలో చచ్చిపోయిన స్త్రీలకూ పిల్లలకూ 1913లోనే ఇంత పెద్ద స్మారకం కట్టారా అనిపించింది. మార్జిన్‌లో "బాగుంది" అని కూడా రాశాను. రెండోసారి చదువుతున్నప్పుడు ఒక్కొక్క మాటా గుచ్చుకోవటం మొదలైంది.

ఆ యుద్ధం సంగతి తెలియనివాళ్ళ కోసం కొంచెం చెప్పాలి. 1899 నుంచి 1902 దాకా బ్రిటిష్ సామ్రాజ్యానికీ, ట్రాన్స్‌వాల్, ఆరెంజ్ ఫ్రీ స్టేట్ అనే రెండు బోయర్ రిపబ్లిక్‌లకూ జరిగిన యుద్ధమది. బోయర్లంటే డచ్చి మూలాల నుంచి వచ్చిన తెల్లజాతి రైతులు. ట్రాన్స్‌వాల్‌లో బంగారు గనులు బయటపడ్డాక బ్రిటిష్ వాళ్ళ కన్ను దాని మీద పడింది. రాజధానులు పోయాక కూడా బోయర్లు లొంగిపోకుండా గెరిల్లా యుద్ధానికి దిగారు. వాళ్ళకి తిండి, గుర్రాలు, కబుర్లు అందేది పొలాల మీద మిగిలిన ఆడవాళ్ళ నుంచి. దాంతో మొదట రాబర్ట్స్, ఆయన తర్వాత కిచెనర్ పొలాల్నే తగలబెట్టించారు. సుమారు 30,000 ఇళ్ళు బూడిదయ్యాయి. పశువుల్ని చంపారు. ఇళ్ళల్లో ఉన్న ఆడవాళ్ళనీ పిల్లల్నీ బళ్ళమీద, పైకప్పు లేని రైలు పెట్టెల్లో తీసుకుపోయి డేరాల్లో కుక్కారు. పట్టుబడ్డ మగవాళ్ళను ఓడలెక్కించి దేశాలు దాటించారు. వాళ్ళలో వేలమందిని మన దేశానికే తెచ్చారు. బళ్ళారిలో, తిరుచిరాపల్లిలో, అహ్మద్‌నగర్‌లో బోయర్ ఖైదీల శిబిరాలుండేవి. భార్యాపిల్లలు అక్కడి డేరాల్లో, మగవాళ్ళు ఇక్కడి ఎండల్లో. మనకు సంబంధం లేని ఎక్కడో జరిగిన కథ కాదిది.

ఇక వ్యాసం సంగతి. "దేశం కోసం వేలాది వీరవనితలు శరణార్థి శిబిరాల్లో ప్రాణత్యాగం చేశారు" అని మొదలైంది. ఈ ఒక్క వాక్యం మీదే నేను పేజీన్నర రాశాను.

"శరణార్థి" అనే మాట బ్రిటిష్ వాళ్ళది. తగలబెట్టినవాళ్ళే, ఇల్లు కాలిపోయినవాళ్ళను తీసుకొచ్చి తీగెల కంచె వెనక పెట్టి, వీళ్ళు మా రక్షణ కోరి వచ్చినవాళ్ళు అని కాగితాల మీద రాసుకున్నారు. లొంగిపోయిన బోయర్ల కుటుంబాలు కొన్ని నిజంగానే రక్షణ కోసం వచ్చాయి. కానీ ఎక్కువమంది తోలుకురాబడ్డవాళ్ళు. మొదటి నెలల్లో అయితే ఇంటి మగవాడు ఇంకా యుద్ధంలో ఉన్న కుటుంబాలకు రేషన్ తగ్గించి ఇచ్చారు. భర్త లొంగలేదని పిల్లల నోటి దగ్గరి మాంసం ఆపేసే చోటుని శరణార్థి శిబిరం అని మన పిల్లలకి చెబుదామా? నిర్బంధ శిబిరం అని రాయాలి. అంతకు కొన్నేళ్ళ ముందు క్యూబాలో స్పెయిన్ వాళ్ళు పల్లెజనాన్ని ఇలాగే ఒకచోటికి తోలి చంపారు. ఇంగ్లీషులో కాన్సంట్రేషన్ క్యాంపు అన్న మాట ఆ రోజుల్లోనే వాడుకలోకి వచ్చింది. హిట్లర్ కాలానికి చాలా ముందే పుట్టిన మాట.

ఇక "త్యాగం". త్యాగం చెయ్యాలంటే ఇవ్వటమా మానటమా అన్నది మన చేతిలో ఉండాలి. తట్టు వచ్చి, టైఫాయిడ్ వచ్చి, రక్తవిరేచనాలై, నిమోనియా వచ్చి చచ్చిపోయిన పిల్ల దేన్ని త్యాగం చేసింది? యుద్ధం తర్వాత తేల్చిన లెక్కలో బోయర్ శిబిరాల్లో చనిపోయినవాళ్ళు 27,927 మంది. అందులో 22,074 మంది 16 ఏళ్ళలోపు పిల్లలు. స్త్రీలు 4,177. మిగిలిన 1,676 మంది మగవాళ్ళు, ఎక్కువగా ముసలివాళ్ళు. అంటే ప్రతి ఐదుగురిలో దాదాపు నలుగురు పిల్లలు. ఈ వివరం వ్యాసంలో లేదు. స్తంభం మీద చెక్కిన 26,370 అన్న అంకె ఒక్కటే ఉంది, ఆ వెంటనే "వీరవనితలు" అని ఉంది. మన దగ్గర వరకట్నం చావుని "అగ్నిప్రమాదం" అని రాయటానికీ, వీళ్ళ చావుని "త్యాగం" అని రాయటానికీ నాకేమీ తేడా కనపడలేదు. చంపినవాడు వాక్యంలోంచి జారుకుంటాడు.

రెండో పేరాలో ఇంకొకటి. "శిబిరాల్లోని అపరిశుభ్రత, తల్లుల అజ్ఞానం వల్ల రోగాలు ప్రబలాయి" అని. ఇదెక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు. శిబిరాల్లో పనిచేసిన బ్రిటిష్ డాక్టర్లు ఆ మాటే రాశారు: బోయర్ తల్లులు నాటువైద్యాలు చేస్తారు, డేరాల్లో గాలి ఆడనివ్వరు, పిల్లల్ని ఆస్పత్రికి పంపరు అని. ఇందులో మనం సిగ్గుపడాల్సిన విషయం కూడా ఒకటుంది. శిబిరాల మీద గొడవ పెరిగాక 1901లో బ్రిటిష్ ప్రభుత్వం ఆరుగురు స్త్రీలతో ఒక విచారణ సంఘం వేసింది. దాని అధ్యక్షురాలు మిలిసెంట్ ఫాసెట్, బ్రిటన్‌లో స్త్రీల ఓటుహక్కు కోసం పోరాడిన ప్రముఖ నాయకురాలు. ఆ సంఘం వల్ల మంచి జరగలేదని కాదు. నీళ్ళు కాచి ఇవ్వమన్నారు, నర్సుల్ని పెంచమన్నారు, రేషన్ మెరుగుపరచమన్నారు. 1901 అక్టోబరులో ఏడాదికి వెయ్యికి 344 లెక్కన ఉన్న మరణాల రేటు 1902లో బాగా పడిపోయింది. కానీ చావులకు కారణాలు రాసేటప్పుడు వాళ్ళు శిబిరవాసుల తప్పుల కోసం ప్రత్యేకంగా ఒక పద్దు పెట్టారు. స్త్రీల హక్కుల కోసం నిలబడ్డ మనిషే సామ్రాజ్యం తరఫున వెళ్ళేసరికి బిడ్డ పోయిన తల్లి పెంపకాన్ని తప్పుపట్టే జాబితాలో సంతకం పెట్టింది. మన సంస్థల్లో ప్రాజెక్టు నివేదికలు రాసే వాళ్ళం, పౌష్టికాహార లోపానికి "తల్లుల్లో అవగాహన లేమి" అని అలవాటుగా రాసేస్తున్న వాళ్ళం, ఈ దగ్గర ఒక్క నిమిషం ఆగితే మంచిది. నేను కూడా అలా రాసినదాన్నే.

"నిస్సహాయ స్త్రీలు" అనే మాట వ్యాసంలో మూడుచోట్ల ఉంది. వాళ్ళు నిస్సహాయులైతే శిబిరాల అవసరమే ఉండేది కాదు. మగవాళ్ళు లేని పొలాన్ని నడిపి, ధాన్యం దాచి, గెరిల్లాలకి అన్నం పెట్టి, వార్తలు చేరవేసిన వాళ్ళు కాబట్టే సైన్యం వాళ్ళని శత్రువులుగా లెక్కేసింది. అలాగని వీళ్ళని నెత్తిన పెట్టుకోవాలని నేననటం లేదు. ఆ పొలాల్లో చాకిరీ చేసింది నల్లజాతి కుటుంబాలు. ఈ బోయర్ స్త్రీలు వాళ్ళ యజమానురాళ్ళు. అసలు విషయం ఇక్కడే ఉంది.

పొలం తగలబెట్టినప్పుడు యజమాని ఇల్లు ఒక్కటే కాలలేదు. పనివాళ్ళ గుడిసెలూ కాలాయి, వాళ్ళ పశువులూ పోయాయి. వాళ్ళనీ తోలుకొచ్చారు, వేరే శిబిరాల్లో పెట్టారు. 1901 నుంచి ఈ శిబిరాలకి బ్రిటిష్ సైన్యం "నేటివ్ రెఫ్యూజీ" అనే పేరుతో ఒక శాఖే నడిపింది. మగవాళ్ళని సైన్యం పనులకి తీసుకుపోయారు. ఆడవాళ్ళూ పిల్లలూ రైలుపట్టాల పక్క బీళ్ళు దున్ని తిండి పండించుకోవాలి. మొక్కజొన్న ఉచితంగా ఇవ్వలేదు, డబ్బుపెట్టి కొనుక్కోవాలి. యుద్ధం ముగిసేనాటికి ఇలా 1,15,000 మందికి పైగా ఉన్నారు. చనిపోయినట్టు నమోదైనవాళ్ళు 14,000 మందికి పైగా, అందులోనూ అత్యధికులు పిల్లలే. రాయకుండా వదిలేసినవి కలిపితే 20,000 దాటుతుందని ఆ రికార్డులు తవ్విన చరిత్రకారులు అంచనా వేశారు. బోయర్ కుటుంబాలతోపాటు పనిమనుషులుగా తెల్లవారి శిబిరాల్లోనే ఉన్న నల్లజాతి స్త్రీలు కూడా ఉన్నారు. ఫాసెట్ సంఘం నల్లవారి శిబిరాలకు వెళ్ళనే లేదు.

నాలుగు పేజీల వ్యాసంలో వీళ్ళ గురించి ఒక్క అక్షరం లేదు. స్తంభం రాయి ఎక్కడిది, శిల్పి ఆంటన్ వాన్ వౌ ఎక్కడ చదువుకున్నాడు, ఆవిష్కరణకి ఏయే పెద్దలొచ్చారు – ఇవన్నీ ఉన్నాయి. దీని గురించి రాసి పంపితే సంపాదకుడు మర్యాదగానే జవాబిచ్చారు. "అమ్మా, మీరు చెప్పినవి నిజమే కావచ్చు. కానీ ఇది యుద్ధం మీద వ్యాసం కాదు, స్మారకం మీద వ్యాసం. స్తంభం మీద లేనివాళ్ళను స్తంభం గురించిన వ్యాసంలో ఎట్లా పెడతాం? పైగా స్థలం తక్కువ" అన్నారు.

ఈ వాదన తేలిగ్గా కొట్టిపారేసేది కాదు. నేను రెండ్రోజులు దీని గురించే ఆలోచించాను. విజ్ఞాన సర్వస్వం కరపత్రం కాదు, ఏ ఆరోపం కింద ఏది రాయాలో దానికొక పద్ధతి ఉంటుంది. నాకు కోపం వచ్చిన ప్రతి విషయాన్నీ అందులో ఇరికించమని అడగలేను. కాబట్టి ఆయన గీసిన గీత లోపలే ఉండి, స్మారకం చరిత్ర ఒక్కటే చూద్దామనుకున్నాను.

స్మారకం చరిత్రలో ఎమిలీ హాబ్‌హౌస్ ఉంది. వ్యాసం ఆమెకి "మానవతావాది" అని ఒక్క మాట కేటాయించింది. ఆమె బ్రిటిష్ స్త్రీ. 1901 జనవరిలో బ్లూమ్‌ఫాంటెయిన్ శిబిరానికి వెళ్ళి, చూసినది రాసి, లండన్‌లో అందరి ముందూ పెట్టింది. సొంత దేశంలో దేశద్రోహి అనిపించుకుంది. అదే ఏడాది అక్టోబరులో మళ్ళీ వెళ్తే కేప్‌టౌన్‌లో ఓడ దిగనివ్వకుండా వెనక్కి పంపారు. విచారణ సంఘంలో ఆమెకి చోటివ్వలేదు. స్తంభం మొదట్లో కూర్చున్న తల్లి విగ్రహం ఆమె కళ్ళారా చూసిన దృశ్యమే. 1901 మే నెలలో స్ప్రింగ్‌ఫాంటెయిన్ రైలుస్టేషన్ దగ్గర ఒక తల్లి ఒళ్ళో బిడ్డ చనిపోతుండగా చూసింది. ఆ తల్లి ఏడవకుండా కూర్చుందట. వాన్ వౌ ఆ విగ్రహం చేసింది ఆమె చెప్పినదాన్ని బట్టే.

1913 డిసెంబరు 16న స్తంభాన్ని ఆవిష్కరించటానికి ఆమెనే పిలిచారు. దక్షిణాఫ్రికా దాకా వచ్చింది గానీ గుండెజబ్బు వల్ల దారిలోనే ఆగిపోయింది. ఆరెంజ్ ఫ్రీ స్టేట్ ఆఖరి అధ్యక్షుడి భార్య టిబ్బీ స్టెయిన్ ఆవిష్కరించింది. హాబ్‌హౌస్ ఉపన్యాసాన్ని వేరేవాళ్ళు చదివారు. ఆ ఉపన్యాసంలో, తమది కాని తగాదాలో అదే శిబిరాల్లో చచ్చిపోయిన వేలాది నల్లవాళ్ళని కూడా ఈ రోజు తలుచుకోవాలని ఆమె అడిగింది. స్వేచ్ఛ జాతినో రంగునో ఆడామగా తేడానో చూసి పంచేది కాదన్న అర్థం వచ్చేట్టు మాట్లాడింది. ఆమె కూడా నల్లవారి శిబిరాల్లోకి వెళ్ళలేదు. అవి ఉన్నాయని తెలుసు, ఎవరైనా వెళ్ళి చూడాలని రాసింది, అంతే. కానీ స్తంభం ముందు, మొదటిరోజునే ఆ మాట వినపడేట్టు చేసింది. తర్వాత 1963లో, వర్ణవివక్ష ప్రభుత్వం గట్టిగా ఉన్న కాలంలో, 50 ఏళ్ళ ఉత్సవానికి ఆ ఉపన్యాసాన్ని మళ్ళీ అచ్చువేశారు. నల్లవాళ్ళని తలుచుకొమ్మన్న భాగాలు అందులో లేవు.

ఇదంతా స్మారకం చరిత్రే. ఆవిష్కరణ రోజు పలికిన మాట, 50 ఏళ్ళ తర్వాత దాన్ని కత్తిరించటం – స్మారకం మీద వ్యాసంలో కాకపోతే ఇంకెక్కడ రాస్తారు? రాయి ఎక్కడిదో రాసినప్పుడు ఇది రాయటానికి స్థలం ఎందుకు చాలదు? సంపాదకుడికి ఇలాగే రాశాను.

ఆవిష్కరణ తేదీ కూడా ఊరికే పెట్టింది కాదు. డిసెంబరు 16న, 1838లో, బోయర్లు జులూ సైన్యాన్ని ఓడించారు. ఆ రోజుని డింగాన్ దినంగా జరుపుకునేవాళ్ళు. చచ్చిపోయిన పిల్లల కోసం పెట్టుకున్న సభ, నల్లవాళ్ళ మీద విజయం పండగ రోజున. 1995 నుంచి అదే రోజుని సయోధ్య దినంగా జరుపుతున్నారు. వ్యాసంలో తేదీ ఉంది, ఆ తేదీ అర్థం లేదు.

ఆ ఏడాది అదే ఊళ్ళో ఇంకొకటి జరిగింది. ఫ్రీ స్టేట్ పట్టణాల్లో నల్లజాతి స్త్రీలు పాసులు దగ్గర ఉంచుకు తిరగాలని రూలుండేది. 1912లో వేల సంతకాలతో అర్జీ పట్టుకుని వాళ్ళ ప్రతినిధులు కేప్‌టౌన్ దాకా వెళ్ళొచ్చారు. పని కాలేదు. 1913 మే నెలాఖరున బ్లూమ్‌ఫాంటెయిన్‌లోని వాయిహుక్ వాడ నుంచి స్త్రీలు ఊరేగింపుగా వచ్చి పాసులు చింపి పడేశారు. పదుల సంఖ్యలో అరెస్టయ్యారు. జరిమానా కట్టమంటే జైలుకే పోతామన్నారు. సరిగ్గా ఆ నెలల్లోనే నల్లవాళ్ళు భూమి కొనకుండా చేసే చట్టం కూడా వచ్చింది. జైలుకెళ్ళిన ఈ స్త్రీలలో ఎంతమంది పన్నెండేళ్ళ కిందట ఏ శిబిరంలో ఎవరిని పోగొట్టుకున్నారో ఎవరూ అడగలేదు. ఆరు నెలల తర్వాత అదే ఊళ్ళో "మా వీరవనితలకూ ప్రియమైన పిల్లలకూ" అని చెక్కిన రాయి మీంచి తెర తీశారు. "మా" అంటే ఎవరో చెప్పనక్కరలేదు.

1913 అంటే మన వాళ్ళకీ గుర్తుండాల్సిన ఏడాదే. మద్రాసు రేవు నుంచి నేటాల్ చెరకుతోటలకి వెళ్ళిన ఒప్పంద కూలీల్లో విశాఖపట్నం, గంజాం, గోదావరి జిల్లాల తెలుగువాళ్ళు చాలామంది. ఒప్పందం తీరాక అక్కడే ఉంటే మనిషికి ఏడాదికి 3 పౌన్లు పన్ను, 13 ఏళ్ళు దాటిన ఆడపిల్లకి కూడా. ఆ పన్ను మీద, హిందూ ముస్లిం పెళ్ళిళ్ళు చెల్లవన్న కోర్టు తీర్పు మీద ఆ ఏడాది పెద్ద సమ్మె జరిగింది, స్త్రీలు జైళ్ళకెళ్ళారు. ఆ వ్యవహారంలో గాంధీకీ స్మట్స్‌కీ మధ్య మాట కలపటానికి ప్రయత్నించింది కూడా ఈ హాబ్‌హౌసే. బోయర్ యుద్ధంలో గాయపడ్డ బ్రిటిష్ సైనికులని మోసిన భారతీయ దళంలో సుమారు 1,100 మంది ఉంటే ఎక్కువమంది ఒప్పంద కూలీలే. అంటే మనవాళ్ళు ఆ యుద్ధంలో తగలబెట్టినవాళ్ళ వైపు డోలీ మోశారు. తెలుగు విద్యార్థి కోసం రాసే వ్యాసంలో ఈ ఒక్క వాక్యం ఉంటే ఎంత బాగుండేది. స్థలం లేదంటారని నేనే అడగలేదు.

ఇంకొక చిన్న విషయం. స్తంభం పాదం దగ్గర సమాధులున్నాయి. అధ్యక్షుడు స్టెయిన్, జనరల్ డి వెట్, మతగురువు కెస్టెల్. ముగ్గురూ మగవాళ్ళే. స్త్రీలలో టిబ్బీ స్టెయిన్ అక్కడ ఉంది, హాబ్‌హౌస్ చితాభస్మం 1926లో అక్కడ ఉంచారు. శిబిరాల్లో పోయిన 4,177 మంది స్త్రీల కోసం కట్టిన చోట పెద్దమగవాళ్ళు వచ్చి పడుకున్నారు. వాళ్ళ కోసం దుఃఖపడ్డామని చెప్పుకున్న ఆ మగవాళ్ళు వాళ్ళ కూతుళ్ళకి ఓటుహక్కు ఇవ్వటానికి 1930 దాకా పట్టింది. అది కూడా తెల్ల స్త్రీలకి మాత్రమే. కేప్‌లో ఓటున్న నల్లమగవాళ్ళ బలం తగ్గించటానికి అది పనికొచ్చింది కూడా. తల్లిని జాతికి గుర్తుగా నిలబెట్టి ఆమె కన్నీళ్ళని పక్కవాడి మీద ఆయుధంగా వాడటం మనకి కొత్తకాదు, మన దేశవిభజన కథలు చాలు.

"మనకు తెలియని మన చరిత్ర" పుస్తకం కోసం 1980లలో స్త్రీశక్తి సంఘటన వాళ్ళు తెలంగాణ పోరాటంలో పాల్గొన్న స్త్రీలతో మాట్లాడినప్పుడు, స్తూపాల మీదకి ఎక్కని సంగతులెన్ని బయటపడ్డాయో మనకి తెలుసు. అందుకే ఎవరైనా పాఠమో, నిఘంటువో, ప్రభుత్వం వేసే చిన్న పుస్తకమో "ఒక ఆడమనిషి చూస్తే బాగుంటుంది" అని తెచ్చిస్తే, పిలిచిన పద్ధతి నచ్చకపోయినా తీసుకోమని నా మాట. మనం వదిలేసిన కాగితాన్ని ఇరవై ఏళ్ళపాటు పిల్లలు పరీక్షల కోసం బట్టీపడతారు.

నేను పంపినదాంట్లో కొంత ఒప్పుకున్నారు. "నిస్సహాయ" మూడుచోట్లా తీసేశారు. "ప్రాణత్యాగం" పోయి "చనిపోయారు" వచ్చింది. "తల్లుల అజ్ఞానం" కొట్టేశారు. నల్లవారి శిబిరాల మీద ఒక వాక్యం, మరణాల అంకెతో సహా, చేరింది. 1963లో ఉపన్యాసం కత్తిరించిన సంగతి మాత్రం "వివాదాస్పదం" అని పక్కన పెట్టారు. దాని మీద ఇంకా ఉత్తరాలు నడుస్తున్నాయి. సమాధుల సంగతి, పాసులు చింపిన స్త్రీల సంగతి రాలేదు.

మొన్న ఫొటో ప్రూఫు పంపారు. కూర్చున్న తల్లి విగ్రహం కింద "మాతృమూర్తి" అని ఉంది. దాన్ని కొట్టేసి, "స్ప్రింగ్‌ఫాంటెయిన్ స్టేషన్ దగ్గర, 1901 మే. తల్లి ఒళ్ళో చనిపోతున్న బిడ్డ" అని రాసి తిరుగుటపాలో పంపాను.